అండమాన్‌లో దీవి లీజు: పది లక్షల అడ్వాన్సు ఇచ్చే ముందు

అడిగింది: మాది అనంతపురం. ముగ్గురు స్నేహితులం. బళ్లారి రోడ్డులో స్థలం అమ్మిన డబ్బుకు ఇంకొంత కలిపి కోటిన్నర దాకా పెట్టగలం. బెంగళూరులో ఒక బ్రోకరు అండమాన్‌లో సముద్రం ఒడ్డున నాలుగెకరాలు ఉంది, 99 ఏళ్ల లీజు, ‘ప్రైవేట్ ఐలాండ్’ అంటున్నాడు. పది కాటేజీలతో ఎకో రిసార్టు, యోగా రిట్రీట్ పెట్టాలని మా ఆలోచన. నెలాఖరుకు పది లక్షలు అడ్వాన్సు అడుగుతున్నాడు. అది కుదరకపోతే ఇండోనేషియాలో ఇంకో దీవి చూపిస్తానంటున్నాడు. ఇది అయ్యే పనేనా అన్నా?

తమ్ముడూ, నెలాఖరు దగ్గరికొచ్చింది కాబట్టి ముందు అడ్వాన్సు సంగతి చెప్పేస్తాను. ఇవ్వకండి. ‘టోకెన్ కింద రెండు లక్షలైనా వేయండి’ అని దిగివస్తాడు, అదీ ఇవ్వకండి. మిగతాది తీరిగ్గా చదవండి.

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. సివిల్ కాంట్రాక్టు పనుల మీద పోర్ట్ బ్లెయిర్ పోయాను (2024 నుంచి దాని పేరు శ్రీ విజయపురం). ఆ దీవుల్లో పద్నాలుగేళ్లు ఉన్నాను. అందులో తొమ్మిదేళ్లు నీల్ ఐలాండ్‌లో, ఇప్పటి షహీద్ ద్వీప్‌లో, రెండెకరాలు లీజుకు తీసుకుని ఎనిమిది గుడిసెల రిసార్టు పెట్టుకున్నాను. లీజు తొమ్మిదేళ్లు, నడిపింది మాత్రం ఆరేళ్లే. ఆ మూడేళ్లు ఎటుపోయాయో చెప్తే మీ ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది.

దానికి ముందు బ్రోకరు మాటలోని మెలిక చూడండి. నాలుగెకరాలు అంటాడు, ప్రైవేట్ ఐలాండ్ అంటాడు. రెండూ ఒకటే ఎలా అవుతాయి? నాలుగెకరాలైతే అది ఊళ్లు, పొలాలు ఉన్న పెద్ద దీవిలో ఒక రైతు చెక్క, అంటే చిన్న భూమి ముక్క, అయ్యుండాలి. మొత్తం దీవి అంటే ఇక కథే వేరు. అండమాన్ నికోబార్ విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు, అందులో 85 శాతానికి పైగా అడవిగా నోటిఫై అయింది. పైగా 1956 నాటి ఆదిమ తెగల రక్షణ రెగ్యులేషన్ కింద రిజర్వు చేసిన ప్రాంతాలున్నాయి, అక్కడ అనుమతి లేకుండా కాలు పెట్టడమే నేరం. ఎవరూ లేని ఖాళీ దీవి పడవలోంచి చూడటానికి బాగానే ఉంటుంది. దాన్ని మీకు లీజుకివ్వడానికి ఏ ప్రైవేటు మనిషికీ హక్కు లేదు. ప్రభుత్వమే కొన్ని చోట్ల, లాంగ్ ఐలాండ్, స్మిత్, ఏవ్స్, షహీద్ ద్వీప్ లాంటి చోట్ల, ఎకో టూరిజం కోసం పెట్టుబడిదారులను పిలిచింది. ఆ దారి టెండరు దారి. అది పెద్ద హోటలు కంపెనీల ఆట, కోటిన్నరతో దిగేది కాదు. లక్షద్వీప్‌లో అయితే బయటివాళ్లు అడుగు పెట్టడానికే పర్మిట్ కావాలి, అటువైపు ఆలోచనే వద్దు.

ఇక రైతు చెక్క సంగతి. మన వైపు డీకేటీ పట్టా అంటే ఏంటో మీకు చెప్పనక్కర్లేదు. పేదవాడికి ప్రభుత్వం ఇస్తుంది, సాగు చేసుకుంటాడు, పాస్‌బుక్కు ఉంటుంది, కానీ భూమి తనదని చెప్పి ఇష్టమొచ్చినట్టు అమ్మడానికి లేదు. తెలియక కొన్నవాళ్లు 22ఏ జాబితాలో (రిజిస్ట్రేషను చేయకూడని భూముల జాబితా) సర్వే నంబరు కనిపించాక తల పట్టుకుంటారు. అండమాన్‌లో పరిస్థితి చాలావరకు ఆ డీకేటీ బుద్ధితో చూస్తేనే అర్థమవుతుంది. 1966 నాటి అక్కడి ల్యాండ్ రెవెన్యూ రెగ్యులేషన్ ప్రకారం భూమి ప్రభుత్వానిది, పట్టుకున్నవాడు కౌలుదారు లాంటి హక్కుదారు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలను నీల్, హేవ్‌లాక్ లాంటి చోట్ల స్థిరపరిచి వరికీ తోటలకీ భూములిచ్చారు. ఇప్పుడు రిసార్టులున్న చెక్కలు ఎక్కువగా వాళ్ల వారసులవే. ప్రభుత్వం తనకు ఇచ్చిన హక్కు కంటే పెద్ద హక్కును ఆ రైతు మీకు ఇవ్వలేడు. కాబట్టి 99 ఏళ్ల మాట వినగానే మీరు అడగాల్సింది ‘ఎంత అద్దె’ అని కాదు, ‘ఏ హక్కుతో’ అని.

ఆ హక్కు కాగితాన్ని అక్కడ ఫారం-ఎఫ్ అంటారు. మన వన్‌బీ, అడంగల్ కలిపితే ఎలా ఉంటుందో అలా అనుకోండి. సర్వే నంబరు, విస్తీర్ణం, ఎవరి పేరున ఉంది, ఏ రకం భూమి, అన్నీ అందులో ఉంటాయి. బ్రోకరు వాట్సాప్‌లో పంపింది చూసి ఊరుకోకుండా తహసీలు ఆఫీసులో మీరే నకలు తీయించండి. వ్యవసాయ భూమి అని ఉంటే రిసార్టు కట్టడానికి భూమి వాడకం మార్పిడి కావాలి, దానికి డిప్యూటీ కమిషనర్ అనుమతి కావాలి. అది చేతికి రాకముందు కట్టిన ప్రతి గుడిసె కూల్చడానికి సిద్ధంగా ఉన్న గుడిసే.

నా మూడేళ్లు పోయింది ఇక్కడే. సంతకం చేసిన రోజు నుంచే అద్దె మొదలయ్యేలా రాసుకున్నాను, అంత తెలివి నాది. అన్ని అనుమతులూ చేతికొచ్చేసరికి 26 నెలలు పట్టింది. భూమి మార్పిడి, తీర ప్రాంత అనుమతి, కాలుష్య నియంత్రణ వాళ్ల సమ్మతి, అటవీ శాఖ నుంచి అభ్యంతరం లేదన్న కాగితం, టూరిజం రిజిస్ట్రేషను. ఒకటి లేనిది ఇంకొకటి ముట్టుకోరు, ఫైలు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్లకు పోయేలోపు మొదటి కాగితం గడువు అయిపోతుంది. ఎవరూ లంచం అడగలేదు, ఆ మాట నిజంగానే చెప్తున్నాను. అడిగి ఉంటే త్వరగా అయ్యేదేమో అని మా ఆవిడ అనేది. ఆ తర్వాత కట్టడానికి ఒక సీజన్ పోయింది.

కట్టడం అంటే సంవత్సరమంతా కట్టలేరు. అక్కడ మే నెలలో మొదలైన వాన దాదాపు డిసెంబరు దాకా విడతలుగా పడుతూనే ఉంటుంది. సరిగ్గా పని జరిగేది జనవరి నుంచి ఏప్రిల్ దాకా, నాలుగు నెలలు. ఆ నాలుగు నెలల్లో సిమెంటు ఓడ మీద రావాలి, అక్కడినుంచి చిన్న పడవలోకి, పడవలోంచి ట్రాక్టరులోకి. ప్రతి ఎత్తుడుకీ దింపుడుకీ కూలి. బీచిలో ఇసుక కళ్లెదుట కుప్పలుగా ఉంటుంది, పార ముట్టించారో కేసు. మన పెన్నలో ఇసుక ట్రాక్టర్లు చూసి పెరిగిన నాకు ఇది అలవాటు పడటానికి కొంచెం టైం పట్టింది.

ఇప్పుడు లెక్క వేయండి. మీ బ్రోకరు చెప్పే 99 పక్కన పెట్టి, 30 ఏళ్లు నికరంగా దొరికిందనుకుందాం. అనుమతులకూ కట్టడానికీ, మీ రిసార్టు గురించి నలుగురికీ తెలియడానికీ ఆరేళ్లు. చివరి ఆరేళ్లు ఎవరూ కొత్తగా రూపాయి పెట్టరు, ఎందుకంటే పెట్టింది తిరిగి రాదు. ఉప్పు గాలికి బోల్టులు, ఏసీలు, తలుపు బందులు తినేస్తుంటే చూస్తూ కూర్చోవడమే. మధ్యలో మిగిలింది 18 ఏళ్లు. అందులో గదులు నిండేది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా, ఏడాదికి ఆరు నెలలు. అంటే 108 నెలలు, తొమ్మిదేళ్లు. 30 ఏళ్ల అద్దె కట్టి మీరు అమ్ముకునేది తొమ్మిదేళ్లు. మీ కోటిన్నర, దాని వడ్డీ, ముగ్గురి జీతం ఆ తొమ్మిదేళ్లలోనే వెనక్కి రావాలి. లీజులో మీరు కొనేది కాలం, భూమి కాదు. కొలవాల్సింది ఎకరాలు కాదు, నెలలు.

అందుకే లీజు పత్రంలో నేను ఇప్పుడైతే మొదట రాయించేది ఒకటే. అద్దె అన్ని అనుమతులూ వచ్చిన తేదీ నుంచి మొదలవ్వాలి, ఫలానా గడువులోగా రాకపోతే అడ్వాన్సు తిరిగి ఇచ్చి ఎవరి దారి వాళ్లు చూసుకోవాలి. దీనికి ఒప్పుకోని యజమానికి తన భూమికి అనుమతి రాదని తెలుసన్నమాట. రెండోది సంతకాలు. నాకు లీజిచ్చిన పెద్దాయన మంచివాడు, దాదా అని పిలిచేవాణ్ణి. మూడో ఏట ఆయన పోయాడు. పదిహేను రోజులకు కోల్‌కతాలో ఉన్న పెద్దకొడుకు దిగి ‘నేను సంతకం పెట్టలేదు కదా’ అన్నాడు. న్యాయంగా చూస్తే తండ్రి రాసిన పత్రం చెల్లుతుంది, కానీ ఆ చిన్న దీవిలో ఆయనతో గొడవ పెట్టుకుని నేను చేపలు ఎవరి దగ్గర కొనాలి? విడిగా కొంత ఇచ్చి సర్దుకున్నాను. కాబట్టి భార్య, కొడుకులు, కూతుళ్లు, అందరి సంతకాలూ మొదట్లోనే తీసుకోండి. ఏడాది దాటిన లీజు రిజిస్టరు చేయించాల్సిందే, స్టాంపు కాగితం మీద నోటరీ చేయించి ‘చాలులే’ అంటే అది చిత్తు కాగితం. కోర్టుకెళ్తే ఆ దీవులు కలకత్తా హైకోర్టు కిందికి వస్తాయి, అనంతపురం వకీలు పనికిరాడు.

ఇంకో రెండు మాటలు ఆస్తి బదిలీ చట్టంలోవి, మీ వకీలుకు గుర్తుచేయండి. వేరుగా రాసుకోకపోతే, లీజు ముగిసేటప్పుడు కౌలుదారు తాను కట్టింది విప్పుకుపోవచ్చు. అలాగే తుపాను, వరద, నిప్పు లాంటివాటితో భూమి పనికిరాకుండా పోతే లీజు వదులుకునే హక్కు కౌలుదారుకు ఉంది. చాలా లీజు పత్రాలు ఈ రెండింటినీ చప్పుడు లేకుండా కొట్టేస్తాయి. అండమాన్‌లో ఇది ఉత్తుత్తి భయం కాదు. దేశంలో భూకంపాల ముప్పు బాగా ఎక్కువున్న చోట్లలో అది ఒకటి. 2004 డిసెంబరు 26న సునామీ ఒక్కటే రాలేదు, దక్షిణ అండమాన్‌లో నేలే కిందికి దిగింది. పోర్ట్ బ్లెయిర్ పక్కన సిప్పీఘాట్ దగ్గర వరి పొలాల్లోకి ఉప్పునీళ్లు వచ్చి అలాగే నిలిచిపోయాయి. సర్వే నంబరు ఉంది, పొలం లేదు. అటువంటప్పుడు అద్దె ఎవరు కట్టాలో పత్రం చెప్పాలి.

తీరం దగ్గర ఎంత దూరంలో కట్టొచ్చు అనేది 2019లో వచ్చిన ఐలాండ్ కోస్టల్ రెగ్యులేషన్ జోన్ నోటిఫికేషను చూసుకుంటుంది. పోటు నీరు ఎక్కే గీత నుంచి కొలుస్తారు, దీవి సైజును బట్టి దూరం మారుతుంది. నాలుగెకరాల చెక్క సముద్రం ఒడ్డున సన్నగా పొడుగ్గా ఉంటే, ఆ గీత గీశాక కట్టుకోవడానికి ఎకరా మిగులుతుందో లేదో. సముద్రం వైపు ఎంత ముఖం ఉందని బ్రోకరు గొప్పగా చెప్తాడు. మీరు వెనక్కి ఎంత లోతు ఉందని అడగండి.

నీళ్ల దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను, మన సీమవాళ్లకు ఇది చెప్తే వెంటనే అర్థమవుతుంది. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. పోర్ట్ బ్లెయిర్ వైపు 3,000 దాకా పడుతుంది. విన్నవాడు నీళ్లకేం కరువు అనుకుంటాడు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ చిన్న దీవిలో కొండల నుంచి వచ్చే పెద్ద ఏరు ఉండదు. ఇసుకలోకి ఇంకిన వాననీరు, కింద ఉన్న ఉప్పునీటి మీద పలుచగా తేలుతూ ఉంటుంది, మజ్జిగ మీద మీగడలాగ. బావిలోంచి మెల్లగా తోడుకుంటే మీగడ వస్తుంది. మోటారు పెట్టి లాగితే మజ్జిగ పైకొస్తుంది.

నేను మోటారు పెట్టాను. నాలుగో సీజను, ఏప్రిల్ నెల, గదులన్నీ నిండాయి, రోజుకు ఆరేడు గంటలు లాగాను. పది రోజుల్లో బావి ఉప్పయింది. నా బావి ఒక్కటే అయితే నా ఖర్మ అనుకునేవాణ్ణి, పక్కింటివాళ్ల తాగునీటి బావి కూడా ఉప్పగా మారింది. ఆ ఇంటావిడ బిందె తెచ్చి నా ఆఫీసు గుమ్మంలో పెట్టి, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. వానలు పడేదాకా వాళ్లకు రోజూ ట్యాంకరు నీళ్లు నేనే పోయించాను. ఆ బిందె ఇప్పటికీ కళ్లల్లో మెదుల్తుంది.

మీ పది కాటేజీలకు లెక్క కట్టి ఇస్తాను. ఇరవై మంది అతిథులకు మనిషికి 150 లీటర్లు, పన్నెండు మంది పనివాళ్లకు తలా 70, వంటకూ దుప్పట్ల ఉతుకుడుకూ ఇంకో వెయ్యి. దాదాపు రోజుకు 5,000 లీటర్లు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా 90 రోజులు వాన లేదనుకుంటే నాలుగున్నర లక్షల లీటర్లు. కప్పుల మీద పడే వాన నుంచే దీన్ని పట్టుకోవచ్చు, 300 చదరపు మీటర్ల కప్పు ఉంటే ఏడాదికి ఏడు లక్షల లీటర్లు సులభంగా వస్తాయి. కష్టం పట్టుకోవడంలో లేదు, దాచుకోవడంలో ఉంది. 15 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల లోతు తొట్టి కావాలి. ఆ తొట్టికి సిమెంటు మళ్లీ అదే పడవలో రావాలి. మీ బడ్జెట్ కాగితంలో ఈ తొట్టి ఉందా? స్విమ్మింగ్ పూల్ మాత్రం ఉండే ఉంటుంది, నాకు తెలుసు.

కరెంటుకు జనరేటరు, సోలారు రెండూ పెట్టుకోండి. చెత్త దీవి దాటించే ఖర్చు మీదే. మొసళ్ల గురించి అతిథులకు ముందే చెప్పండి, దాచకండి. 2010లో హేవ్‌లాక్‌లో ఒక విదేశీ టూరిస్టును సముద్రంలోనే మొసలి చంపింది. వీటి మీద ఎక్కువ రాయను, అక్కడ వారం ఉంటే మీకే తెలుస్తాయి. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు మాట్లాడేవాళ్లకు కొదవ లేదు, ఎక్కువగా ఉత్తరాంధ్ర వైపు వాళ్లు. మేస్త్రీలు, పడవవాళ్లు వాళ్లలోనే దొరుకుతారు. నా యాస విని మొదట నవ్వారు, తర్వాత నా పనులన్నీ వాళ్లే చక్కబెట్టారు.

ఇండోనేషియా సంగతి. అక్కడి 1960 భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్యం, హక్ మిలిక్ అంటారు, అక్కడి పౌరులకే. మనలాంటివాళ్లకు దొరికేది లీజు, లేదా విదేశీ పెట్టుబడి కంపెనీ పెట్టి దాని పేరున వాడకపు హక్కు. బాలి వైపు లీజు సాధారణంగా 25, 30 ఏళ్లకు ఉంటుంది, ధర ‘అరె’కు ఇంత, ఏడాదికి ఇంత అని చెప్తారు. అరె అంటే 100 చదరపు మీటర్లు, ఎకరాకు నలభై. చెప్పేటప్పుడు చిన్న అంకెలా వినిపిస్తుంది. మొత్తం ఏళ్లకు అద్దె ముందే కట్టేయమంటారు, అక్కడి వాడుక అది. ముందే అంతా పుచ్చుకున్నవాడికి పదిహేనో ఏట మీ ఫోను ఎత్తాలన్న తొందర ఏముంటుంది? కంపెనీ దారి అంటే పెట్టుబడి ప్రణాళిక 1,000 కోట్ల ఇండోనేషియా రుపియాలకు పైన చూపించాలి, మన డబ్బులో అయిదు కోట్ల పైమాటే. స్థానికుడి పేరు మీద కొనేసి మనం నడుపుకుందాం అని బ్రోకరు మూడో దారి చూపిస్తాడు. అది అక్కడి చట్టం ముందు చెల్లదు. బినామీకి పెట్టి పోగొట్టుకున్న కథలు మన ఊళ్లలోనే బోలెడు ఉన్నాయి, దానికి విమానమెక్కి పోవడం ఎందుకు?

మన వైపు నుంచి డబ్బు పంపడానికీ పద్ధతి ఉంది. విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద మనిషికి ఆర్థిక సంవత్సరానికి 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. పది లక్షలు దాటిన మొత్తం మీద బ్యాంకు 20 శాతం టీసీఎస్, అంటే ముందస్తు పన్ను, పట్టుకుంటుంది. రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ అప్పటిదాకా ఆ డబ్బు చేతిలో ఉండదు. అయిదేళ్లు మించిన లీజును విదేశంలో స్థిరాస్తి కొన్నట్టే లెక్కిస్తారు. ప్రతి ఏడూ ఇన్‌కంట్యాక్స్ రిటర్నులో విదేశీ ఆస్తుల పట్టికలో చూపించాలి, మర్చిపోతే పది లక్షల పెనాల్టీ దాకా పోతుంది. హవాలాలో పంపేద్దాం అన్న మాట బ్రోకరు నోట వస్తే అక్కడితో నమస్కారం పెట్టేయండి.

ఇంత చెప్పాక ‘మరి ఏం చేయమంటావు అన్నా’ అంటారు. నాకైతే మీ ముగ్గురిలో ఎవరూ ఇదివరకు పది గదులు నడిపినట్టు అనిపించడం లేదు. ఆ పాఠం సముద్రం అవతల నేర్చుకుంటే ఫీజు ఎక్కువ. గండికోట మీకు తాడిపత్రి మీదుగా మూడు గంటల దారి. పెన్న లోయ అంచున, కోటకు కాస్త దూరంగా, క్లియర్ పట్టా ఉన్న రైతు దగ్గర ఎకరా మూడేళ్లకు తీసుకుని నాలుగు టెంట్లు వేయండి. రాష్ట్ర టూరిజం పాలసీ ఇప్పుడు ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది, అది కూడా కనుక్కోండి. శని, ఆదివారాలు బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు నిశ్శబ్దానికి ఎంత ఇస్తారో, మే నెల ఎండలో ఎంతమంది బుకింగు రద్దు చేసుకుంటారో, మీ ముగ్గురిలో రాత్రి పదకొండుకు బాత్రూం పైపు పగిలితే లేచేది ఎవరో, ఒక్క ఏడాదిలో తేలిపోతుంది. శ్రీశైలం వెనకనీళ్లలో కనిపించే దిబ్బలు చూపించి ‘ఇదిగో మన సీమలోనే దీవి’ అని ఎవరైనా వస్తే మాత్రం నమ్మకండి. అవి ప్రాజెక్టు ముంపు భూములు, చుట్టూ పులుల అభయారణ్యం. సంగమేశ్వరం గుడిలాగ నీళ్లు తగ్గితే కనిపిస్తాయి, పెరిగితే మునుగుతాయి.

ఆ ఏడాది గడిచాక కూడా అండమాన్ మీద మనసు పోకపోతే, భూమి చూడటానికి జనవరిలో పోకండి, అప్పుడు రాయి కూడా అందంగా కనిపిస్తుంది. ఒకసారి జూలైలో పోండి. సముద్రం పొంగి పడవలు ఆగిపోతే రెండు రోజులు దీవిలోనే ఇరుక్కుని ఉండండి. ఇంకోసారి ఏప్రిల్ మొదటివారంలో పోయి, ఆ చెక్కలో బావి నీళ్లు నోట్లో పోసుకుని చూడండి. పక్కింటి బావి నీళ్లు కూడా.

ఈలోగా బ్రోకరును ఫారం-ఎఫ్‌లోని సర్వే నంబరు, దీవి పేరు, ఊరి పేరు మాత్రం అడగండి. అడ్వాన్సు లేకుండానే ఇస్తే ఇక్కడ పెట్టండి, నాకు తెలిసినంతవరకు చూసి చెప్తాను. యజమాని ఫోను నంబరు, పేరు మాత్రం అందరి ముందూ పెట్టకండి. సర్వే నంబరు చెప్పడానికి వెనకాడితే, మీ పది లక్షలు బళ్లారి రోడ్డులోనే క్షేమంగా ఉన్నట్టు లెక్క.